ఈ రోజే ఆఖరి రోజైతే…

గత దసరా సెలవులకు మా అక్కగారి మనుమరాలు మా ఇంటికి వచ్చింది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న పిల్ల. పాఠ్యపుస్తకాలతో పాటు సంచిలో ఒక ఇంగ్లీషు నవల కూడా తెచ్చుకుంది. రెండు రాత్రులు లైటు ఆర్పకుండా చదివింది. మూడవనాడు ఉదయం నేను కాఫీ తాగుతుండగా ఆ పుస్తకం నా ముందు పెట్టి, "తాతయ్యా, ఇరవైనాలుగు గంటల్లో చనిపోతారని మీకు ఫోను వస్తే ఏం చేస్తారు?" అని అడిగింది.

"ముందు ఈ కాఫీ పూర్తి చేస్తాను" అన్నాను. అది నవ్వలేదు. "నేనైతే కాలేజీకి మాత్రం వెళ్లను" అంది.

ఆ జవాబు నన్ను పట్టుకుంది. ఈ పిల్ల హాస్టలులో ఉంటుంది. తెల్లవారక ముందే లేచి, రాత్రి పది దాటేవరకు పుస్తకాల ముందు కూర్చుంటుంది. "ఈ రెండేళ్లు కష్టపడితే తరువాత అంతా సుఖమే" అని దానికి చెప్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. రేపటి కోసం ఈ రోజును తాకట్టు పెట్టమని పెద్దలమందరం కలిసి చెప్పాము. ఆ రేపే లేకపోతే ఏమిటని ఒక పుస్తకం దాన్ని అడిగింది. అందుకే నేనూ ఆ నవల తీసుకుని చదివాను.

దాని పేరు 'దే బోత్ డై ఎట్ ది ఎండ్'. అమెరికా రచయిత ఆడమ్ సిల్వేరా వ్రాసినది, 2017లో వెలువడింది. 'చివరికి ఇద్దరూ చనిపోతారు' అని శీర్షికలోనే చెప్పేశాడు. కథ న్యూయార్కు నగరంలో ఒకే ఒక్క రోజు, 2017 సెప్టెంబరు 5న జరుగుతుంది. ఆ లోకంలో డెత్ కాస్ట్ అనే సంస్థ ఒకటి ఉంటుంది. ఆ రోజు చనిపోబోయేవారికి అర్ధరాత్రి దాటాక ఫోను చేసి చెబుతుంది. ఏ గంటకో, ఎలాగో మాత్రం చెప్పదు. పద్దెనిమిదేళ్ల మాటియోకు, పదిహేడేళ్ల రూఫస్‌కు ఆ ఫోను వస్తుంది. మాటియో భయస్థుడు, గడప దాటడానికి జంకే కుర్రవాడు. తల్లి అతన్ని కంటూనే చనిపోయింది, తండ్రి ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. రూఫస్ తల్లిదండ్రులను, అక్కను పోగొట్టుకుని అనాథ పిల్లల గృహంలో ఉంటున్నాడు. ఫోను వచ్చే సమయానికి కోపంతో మరొక కుర్రవాణ్ణి చావగొడుతున్నాడు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఈ ఇద్దరూ ఆఖరి రోజుకు తోడు వెతుక్కుని కలుసుకుంటారు. స్నేహితులవుతారు. సాయంకాలానికి ఆ స్నేహం ప్రేమ అవుతుంది.

ఇలాంటి పుస్తకం పిల్లల చేతిలో చూస్తే తల్లులకు గుండె ఝల్లుమంటుంది. దాని తల్లి కూడా "చావు గురించి చదవడమెందుకే?" అని కోప్పడింది. ఆ భయాన్ని నేను తీసిపారవేయను. పరీక్ష తప్పిన రోజునే ఆఖరి రోజుగా చేసుకున్న పిల్లల వార్తలు మన రాష్ట్రాలలో ఎన్ని వినలేదు! కాని ఈ నవలలో చావాలని కోరుకునేవాడు కథానాయకులలో ఒక్కడూ లేడు. ఇద్దరికీ బ్రతకాలని ఉంది. ఇన్నాళ్లూ చేతిలో ఉన్నప్పుడు బ్రతకలేదే అన్నదే వారి బాధ. ఈ పుస్తకం బ్రతుకు పక్షాన నిలబడింది, చావు పక్షాన కాదు. చావు గురించి పిల్లలతో మాట్లాడడానికి మనం భయపడితే వాళ్లు ఒంటరిగా ఆలోచించుకుంటారు. అది ఇంకా ప్రమాదం.

సరే, ఆ ఆఖరి రోజున వాళ్లు ఏం చేస్తారు? ఆ లోకంలో వ్యాపారానికి కొదవ లేదు. చావబోయేవారికి ఆకాశం నుంచి దూకిన అనుభూతిని ఉన్నచోటనే కల్పించి ఇచ్చే చోట్లున్నాయి. అవన్నీ వాళ్లు చూస్తారు. కాని చదివేవాడి మనసు తడిసేది అక్కడ కాదు. మాటియో ఆస్పత్రికి వెళ్లి, వినలేని తండ్రికి వీడ్కోలు చెబుతాడు. తల్లి సమాధి దగ్గరకు వెళతాడు. పసిబిడ్డను ఒంటరిగా పెంచుకుంటున్న స్నేహితురాలి ఇంటికి వెళ్లి, విషయం చెప్పలేక వచ్చేసి, తరువాత ఆమెకు చెబుతాడు. ఈ పనులలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. దేనికీ చావు కబురు అవసరం లేదు. నిన్న కూడా చేయగలిగినవే.

ఈ మాట వ్రాస్తూ నేను తల దించుకోవాలి. మా అన్నయ్యకు, నాకు ఇంటి పంపకాల దగ్గర మాట వచ్చింది. ఒక గోడ విషయం. ఎవరిది న్యాయమో ఇప్పుడు నాకు గుర్తు లేదని చెబితే మీరు నమ్మరు, కాని నిజంగానే స్పష్టంగా గుర్తు లేదు. మూడేళ్లు మాట్లాడుకోలేదు. ఒకే గుడిలో దివ్యపూజకు వెళ్లి, సమాధానము ఇచ్చిపుచ్చుకోమన్నప్పుడు అటు పక్కవారికి ఇద్దరమూ చేతులు జోడించేవాళ్లం. క్రిస్మస్‌కు వెళ్లి పలకరిద్దామని ఆ ఏడు గట్టిగా అనుకున్నాను. అన్నయ్య ఆగమన కాలంలోనే, రెండవ వారంలో, నిద్రలోనే పోయాడు. మా ఇద్దరిలో ఎవరికీ ఫోను రాలేదు.

కనుక 'ఈ రోజే ఆఖరిదైతే' అన్న ప్రశ్నకు గొప్ప ఉపయోగం ఒకటి ఉంది. మనం చెల్లించవలసిన బాకీలను అది ఎత్తి చూపుతుంది. ఎవరికి క్షమాపణ చెప్పాలి, ఎవరికి కృతజ్ఞత చెప్పాలి, ఎవరి ముఖం చూడకుండా తిరుగుతున్నాం అన్నది ఆ ప్రశ్న వేసుకున్న క్షణంలోనే తెలిసిపోతుంది. ఎవరూ నేర్పనక్కరలేదు.

అయితే పుస్తకాల అట్టల మీదా, గోడకు వేలాడే క్యాలెండర్ల మీదా మరొక ఉపదేశం కనిపిస్తుంది. ప్రతి రోజునూ ఆఖరి రోజులాగే బ్రతకమని. మా మనుమరాలు ఆ నవల నుంచి తీసుకున్నది కూడా అదే. ఇక్కడే నాకు పేచీ.

లారెన్ ఆలివర్ అనే రచయిత్రి 2010లో వ్రాసిన 'బిఫోర్ ఐ ఫాల్' అనే నవల ఒకటుంది. అదీ ఈ వయసు పిల్లల కోసం వ్రాసినదే. సమాంతా అనే పాఠశాల విద్యార్థిని ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి కారు ప్రమాదానికి గురవుతుంది. కళ్లు తెరిస్తే మళ్లీ ఫిబ్రవరి 12. అలా ఏడుసార్లు ఆమె ఆ ఒక్క రోజునే బ్రతుకుతుంది. ఒకసారి, ఎలాగూ రేపు లేదు, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేదు అని ఇష్టం వచ్చినట్లు ప్రవర్తిస్తుంది. ఆ రోజు ఆమె చాలా చెడ్డగా ఉంటుంది. రచయిత్రి అక్కడ నిజం చెప్పింది. రేపు లేదన్న తలంపు మనిషిని మంచివాణ్ణి చేయవచ్చు, బరితెగించినవాణ్ణీ చేయవచ్చు. ఏడవసారి సమాంతా, తానూ తన స్నేహితురాళ్లూ ఏళ్ల తరబడి ఏడిపించిన జూలియట్ అనే పిల్ల ప్రాణం తీసుకోబోతుంటే వాహనానికి అడ్డంగా వెళ్లి రక్షిస్తుంది. తనకు లేని రేపటిని మరొకరికి ఇస్తుంది. అంటే, ఆఖరి రోజున చేసిన గొప్ప పని కూడా ఒక రేపటి కోసమే!

నిజంగా ఆఖరి నిమిషాలను చూసి వచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. రష్యా రచయిత దోస్తొయెవ్‌స్కీ. 1849 డిసెంబరులో ఆయనకు మరణశిక్ష విధించి, పీటర్స్‌బర్గు నగరంలోని మైదానానికి తీసుకువెళ్లారు. మొదటి ముగ్గురిని స్తంభాలకు కట్టారు. రెండవ జట్టులో ఈయన నిలబడి ఉన్నాడు. ఆ క్షణంలో చక్రవర్తి క్షమాభిక్ష చదివి వినిపించారు. ఆ తరువాత నాలుగేళ్లు సైబీరియాలో కఠినశిక్ష అనుభవించాడు. దాదాపు ఇరవై ఏళ్లకు వ్రాసిన 'ఇడియట్' నవలలో ఇలాంటి అనుభవం పొందిన ఒక మనిషి గురించి చెప్పించాడు. ప్రాణం తిరిగి దక్కితే ప్రతి నిమిషాన్నీ ఒక యుగంగా లెక్కపెట్టి వాడుకుంటానని ఆ మనిషి అనుకున్నాడట. మరి దక్కిన తరువాత అలాగే బ్రతికాడా అని వింటున్నవారు అడుగుతారు. లేదు, ఎన్నో నిమిషాలు వృథా చేశాడు అని జవాబు. మరణాన్ని అంత దగ్గరగా చూసిన రచయిత ఇలా ఒప్పుకున్నాడంటే మనం సిగ్గుపడవలసిన పని లేదు. ఆఖరి రోజు తీవ్రతను రోజూ మోయడం మనిషి వల్ల కాదు.

కాకపోవడమే మేలు కూడా. ఆలోచించండి. ప్రతి రోజూ ఆఖరిదే అనుకునేవాడు నారుమడి పోస్తాడా? మామిడి టెంక పాతుతాడా? మందబుద్ధి పిల్లవాడికి అక్షరాలు దిద్దించే పంతులమ్మ ఈ రోజు 'అ', మూడు నెలలకు 'ఆ' అని ఓపిక పడుతుందా? పక్షవాతంతో మంచాన పడ్డ మామగారికి పదేళ్లు అన్నం కలిపి పెట్టే కోడలు ఏ ఆఖరి రోజు లెక్కన ఆ పని చేస్తుంది? లోకాన్ని నిలబెట్టే ప్రేమలో చాలా భాగం రేపటి మీద నమ్మకంతో చేసే పనే. మన పరీక్షిత్తు మహారాజు తనకు ఏడు రోజులే ఉన్నాయని తెలిసి, రాజ్యం కొడుకుకు అప్పగించి గంగ ఒడ్డున కూర్చున్నాడు. ఆయనకు అది తగినదే. కాని అప్పగించడానికి ఎవరూ లేని రైతు, నాట్ల వేళ గట్టున కూర్చుంటే ఇల్లు గడవదు.

ఈ రెండింటినీ కలిపి చూసిన పెద్దలు మన సంప్రదాయంలో ఉన్నారు. ఆరవ శతాబ్దంలో పునీత బెనడిక్టు తన మఠవాసులకు వ్రాసిన నియమావళిలో మరణాన్ని నిత్యం కళ్ల ఎదుట పెట్టుకోమన్నాడు. అదే నియమావళిలో, వంటింటి పని వారం పూర్తయినవాడు గిన్నెలు శుభ్రం చేసి లెక్కగా అప్పగించాలనీ, మఠంలోని పనిముట్లను పీఠం మీది పవిత్ర పాత్రలంత జాగ్రత్తగా చూడాలనీ వ్రాశాడు. చావును తలచుకునే మనిషి గిన్నెలు తోమడం మానలేదు. రేపు వండబోయేవాడి కోసం ఇంకా బాగా తోమాడు.

పునీత అలోషియస్ గొంజాగా గురించి ఒక కథ చెబుతారు. బంతి ఆడుకుంటుండగా, "లోకాంతం ఇప్పుడే వస్తే ఏం చేస్తావు?" అని ఎవరో అడిగారట. "ఆట సాగిస్తాను" అన్నాడట. ఆ కథ జరిగిందో లేదో కాని, ఆయన జీవితం మాత్రం చరిత్రే. 1591లో రోము నగరంలో అంటువ్యాధి ప్రబలితే, రోగులను మోసి, పరిచర్య చేసి, ఆ జబ్బుతోనే ఇరవైమూడేళ్లకే మరణించాడు. ఆట ఆపనక్కరలేదని అనగలిగినవాడికి, పిలుపు వచ్చినప్పుడు పరుగెత్తవలసిన చోటు తెలుసు. లోపల బాకీ లేనివాడికే ఆ నిబ్బరం.

సెలవులు అయిపోయే ముందురోజు మా మనుమరాలిని కూర్చోబెట్టి అడిగాను. "కాలేజీకి వెళ్లనన్నావు సరే. వెళ్లకుండా ఏం చేస్తావమ్మా?"

కాసేపు చీర కుచ్చెళ్లు సర్దుకుంటున్న అమ్మ వైపు చూసింది. "ఏమీ చేయను తాతయ్యా. అమ్మ దగ్గర పడుకుంటాను. హాస్టలుకు వెళ్లాక ఒక్కసారి కూడా పడుకోలేదు" అంది.

ప్రపంచ యాత్ర అంటుందేమోనని నేను ఎదురుచూశాను. అది అడిగింది ఒక్క రాత్రి తల్లి పక్క. దాని తల్లి ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి హాలులో రెండు పరుపులు దగ్గరగా వేసింది. మరునాడు పొద్దున్నే పిల్ల సంచి సర్దుకుని బస్సెక్కింది. లెక్కల పరీక్ష ఉందట. నవల నా దగ్గరే వదిలి వెళ్లింది.

కనుక ప్రియ పాఠకులారా, ఆ ప్రశ్నను ఈ వారం మీ ఇంట్లో పిల్లలను అడగండి. జవాబు విని ఉపదేశం మొదలుపెట్టకండి. వాళ్లు అడిగేది మనం రేపటికి వాయిదా వేసిన చిన్న విషయమేమో వినండి. ఆ తరువాత అదే ప్రశ్న మనల్ని మనం వేసుకుందాం. బయటపడిన బాకీని సాయంత్రం లోపల చెల్లిద్దాం. చెల్లించాక, నారు పోసుకోవలసినవాళ్లం నారు పోసుకుందాం.

మా అన్నయ్య కొడుకు ఆ గోడ అవతలే ఉంటున్నాడు. ఈ వ్యాసం పత్రికకు పంపి, నేను వాడి ఇంటికి వెళుతున్నాను.