అప్రూవ్ పక్కన ఒక చిన్న 'ఆఫ్'

'ఐ అప్రూవ్డ్ హిజ్ లీవ్' అంటే అతని సెలవు మంజూరు చేశాను అని. 'ఐ అప్రూవ్ ఆఫ్ హిజ్ లీవ్' అంటే అతను సెలవు పెట్టడం సబబేనని నేననుకుంటున్నాను అని. మొదటిది సంతకం, రెండోది అభిప్రాయం. ఒకటి ఉండి రెండోది లేకపోవచ్చు. మేనేజరు లోపల్లోపల తిట్టుకుంటూ కూడా బటన్ నొక్కొచ్చు. కూతురు చేసుకున్న పెళ్ళికి చట్టప్రకారం తల్లి సంతకం అక్కర్లేదు, కానీ ఆవిడ మెచ్చిందా లేదా అన్నది ఇంట్లో అందరికీ కావాలి.

ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీ దానంతటది చెడ్డదేం కాదు. ఆ పెద్దాయన రాజకీయాలు మనకి నచ్చకపోయినా, అర్హత ఉంటే ఆయన పింఛను కాగితం మీద సంతకం పెట్టాల్సిందే. అక్కడ మన ఇష్టాయిష్టాలు ఎవరూ అడగట్లేదు. చిక్కల్లా, అడుగుతున్నదే మన అభిప్రాయం అయినప్పుడు.

1986 జనవరి 27 రాత్రి జరిగింది అదే. మర్నాడు ఛాలెంజర్ ఎగరాలి. ఇంత చలిలో రాకెట్ అతుకుల్లోని రబ్బరు ఓ-రింగులు సరిగా పనిచెయ్యవేమోనని, ఆ రాకెట్లని తయారుచేసిన మోర్టన్ థయోకోల్ కంపెనీ ఇంజనీర్లు వద్దన్నారు. కాసేపటికి పైవాళ్ళు మాట మార్చారు. సరేనని రాతపూర్వకంగా ఇమ్మంది నాసా. కెనెడీ స్పేస్ సెంటర్‌లో ఉన్న ఆ కంపెనీ ప్రతినిధి అలన్ మెక్‌డొనాల్డ్ సంతకం పెట్టనన్నాడు. యూటా నుంచి వైస్ ప్రెసిడెంటు పెట్టి ఫ్యాక్స్ చేశాడు. ఎగిరిన 73 సెకన్లకి ఛాలెంజర్ ముక్కలైంది, ఏడుగురు పోయారు. మెక్‌డొనాల్డ్ చేసిందల్లా 'ఆఫ్' లేని అప్రూవల్ ఇవ్వకపోవడమే. అతను ఆపలేకపోయాడు, నిజమే. అయినా ఆ కాగితం అడుగుతున్నది పర్మిషన్ కాదనీ, ఒక ఇంజనీరు నమ్మకమనీ ఆ రాత్రి గుర్తుపెట్టుకున్నాడు.

'ఎండార్స్'లో ఈ బాధ్యత పుట్టుకతోనే ఉంది. లాటిన్‌లో 'డోర్సమ్' అంటే వీపు. చెక్కు వెనకవైపు సంతకం చేసి ఇంకొకరికి ఇవ్వడం దాని పాత అర్థం. మన 1881 నాటి చట్టంలో, వేరే ఒప్పందం లేకపోతే, ఆ చెక్కు చెల్లనప్పుడు వెనక సంతకం పెట్టినవాడు కూడా పరిహారం చెల్లించాలి. తర్వాత్తర్వాత ఈ మాట తలనూనె ప్రకటనల్లో నవ్వే హీరోల చేతికొచ్చి పలచబడింది. 2019 వినియోగదారుల చట్టం దానికి కొంత బరువు తిరిగి ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి, తగిన జాగ్రత్త తీసుకోకపోతే, ఎండార్స్ చేసినవాళ్ళకి కూడా 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

ఇక 'కండోన్'. మన ఇంజనీరింగ్ బ్యాచ్‌లకి ఈ మాట ఫీజు రూపంలోనే పరిచయం: అటెండెన్స్ 75 శాతానికి తగ్గి 65 దాటితే కట్టే కండోనేషన్. (ఆ మాటకి ఇంకో అర్థముందని డిగ్రీ అయిపోయాక తెలిసినవాళ్ళు చాలామందే ఉంటారు.) తప్పని తెలిసీ వదిలెయ్యడం దాని అర్థం. తెలుగులో దగ్గరి మాట 'చూసీ చూడనట్టు'. ఇందులో 'చూసీ' అన్నది ముఖ్యం. కండోన్ చేసేవాడు తప్పుని ఒప్పు అనట్లేదు. అందుకే చదవకుండా అప్రూవ్ కొట్టేవాడికంటే కండోన్ చేసేవాడే నాకు కాస్త నిజాయితీపరుడిగా కనిపిస్తాడు. అతను చూశాడు, కనీసం.

లినక్స్ కెర్నల్ రాసేవాళ్ళు ఈ ఛాయల్ని వేరువేరు పేర్లతో నమోదు చేస్తారు. 'రివ్యూడ్-బై' అని తన పేరు పెడితే, సాంకేతికంగా పరిశీలించాను, ఈ మార్పు చేర్చదగినదని నమ్ముతున్నాను అని చెప్పినట్టేనని నియమం రాసిపెట్టుకున్నారు. 'ఆక్డ్-బై' అంత బరువు మొయ్యదు, ఊఁ కొట్టడం లాంటిది. మా ఆఫీసులో అన్నిటికీ ఒకటే ఆకుపచ్చ టిక్కు.