పచ్చబొట్టు – విభూతి

దేహము శివునికి ఆలయమని శరణులు విశ్వసించిరి. పన్నెండవ శతాబ్దమున కల్యాణపురమునందు బసవేశ్వరుడు సామాన్యజనులకు బోధించిన ధర్మములో ఈ భావము మూలస్తంభము వంటిది. ఆలయమును నిర్మించు స్థపతి ఏ రాతిమీద ఏ బొమ్మ చెక్కవలెనో ముందుగా యోచించును. చెక్కిన పిదప ఆ రాతిని మునుపటివలె నునుపు చేయుట దుస్సాధ్యము. రాతిగుడి విషయమున ఇంత యోచన ఉన్నప్పుడు దేహాలయము విషయమున ఎంత యోచన ఉండవలెను?

నేటి యువతీయువకులలో పెక్కుమంది తమకు ప్రియమైన వ్యాసంగమునకు గుర్తుగా శరీరముపై పచ్చబొట్టు పొడిపించుకొనుచున్నారు. సంగీతప్రియుడు వీణను, యంత్రవాహనప్రియుడు చక్రమును, పర్వతారోహణము చేయువాడు శిఖరమును, ఛాయాచిత్రములు తీయువాడు కెమెరాను కోరుకొనును. దీనిని చూచి పెద్దలు కోపగించుకొందురు. పిన్నలు పొడుగుచేతుల చొక్కాలో ఆ గుర్తును దాచుకొందురు. కోపించువారును, దాచుకొనువారును అసలు ప్రశ్నను తడవరు. ప్రేమించిన వస్తువును చర్మముపై నిలుపుకొన్నంతమాత్రమున ఆ ప్రేమ నిలుచునా? ఇదియే అసలు ప్రశ్న.

జహీరాబాదు ప్రాంతపు వీరశైవ కుటుంబమునకు చెందిన ఒక యువకుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచుండెను. అతనికి పక్షులను చూచుటయందు మిక్కిలి ఆసక్తి. సెలవుదినములలో తెల్లవారకముందే లేచి మంజీరా తీరమునకో, అనంతగిరి అడవికో, అమీన్‌పురము చెరువునకో పోయి, దుర్భిణి కన్నులకానించి గంటలకొలది నిలుచుండెడివాడు. అన్నింటిలో అతని మనసు దోచినది పాలపిట్ట. తెలంగాణమునకు రాష్ట్రపక్షియైన ఈ పిట్టను ఉత్తరదేశమున నీలకంఠమందురు. శివనామము గల పక్షి, చిన్ననాట తన ఊరి పొలములో తీగమీద చూచిన పక్షి. దానిని రెక్కలు విప్పిన భంగిమలో ఎడమ ముంజేతిపై పచ్చబొట్టుగా పొడిపించుకొనవలెనని అతడు నిశ్చయించుకొనెను. బొమ్మ గీయించుకొని, దుకాణమువానికి కొంత పైకము ముందుగా నిచ్చి, దసరా సెలవులకు ఇంటికి వచ్చి ఆ మాట తెలిపెను.

తండ్రి ఒప్పుకొనలేదు. “ఇష్టలింగమును ఏ అరచేతిలో పెట్టుకొని పూజింతువు? ఎడమ అరచేతిలోనే గదా! రేపు లింగమును చూడవలసిన కన్ను జానెడు దూరములోనున్న పిట్టమీద వాలదని నమ్మకమేమి?” అని యడిగెను. కుమారుడు ఆ మాటకు బదులు చెప్పలేకపోయెను. అయినను తండ్రిమాట కేవలము నిషేధమని తలంచి లోలోపల నొచ్చుకొనెను.

అరుగుమీద కూర్చున్న నాయనమ్మ తన చేయి చాపి చూపెను. మణికట్టుకు పైన పచ్చగా, మసకగా ఒక గుర్తు. చిన్నతనమున ఝరాసంగము జాతరలో ఎరుకల స్త్రీ పొడిచినది.

“నా చేతికి లేదా బిడ్డా? లింగయ్య నన్ను వద్దన్నాడా?” అనెను.

“అది ఏం బొమ్మ అవ్వా?” అని మనుమడు అడిగెను.

ఆమె చేతిని కన్నులకు దగ్గరగా తెచ్చుకొని చాలసేపు చూచెను. “తేలో, పువ్వో! మరిచిపోయిన. పోయేనాడు వెంట వచ్చే సొమ్ము ఇదొక్కటే అని మా అమ్మ పొడిపించింది” అని నవ్వెను. కొంతసేపటికి మెడలోని లింగమును తాకి, “ఇది కూడ వస్తదిలే. దీన్ని మాత్రం మరువలే. రోజూ చేతిలో పెట్టుకుంటి గద” అనెను.

ఆ వృద్ధురాలి మాటలో ఒక శాస్త్రమే ఇమిడియున్నది. చర్మములోనికి దిగిన గుర్తు డెబ్బది ఏండ్లు నిలిచినది గాని దాని అర్థము నిలువలేదు. లింగము చర్మములోనికి దిగలేదు, దారముతో మెడకు వ్రేలాడుచున్నది, తీసిన వచ్చును. అయినను దినదినము చేతిలోనికి తీసికొనుటచే అది ఆమెకు మరపు రాలేదు. వీరశైవుడు సమాధియందు కూర్చున్ననాడు ఆ లింగమునే అతని ఎడమచేత నుంతురు. నిత్యసేవ చేసినదే తుదకు తోడువచ్చునని దీని భావము.

పచ్చబొట్టు పాపమని చెప్పుటకు ఆధారము లేదు. గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అను అష్టావరణములలో పచ్చబొట్టు లేదు. లింగాచారము, సదాచారము, శివాచారము, భృత్యాచారము, గణాచారము అను పంచాచారములు భక్తుని నడతను విచారించును గాని చర్మముపై బొమ్మను విచారింపవు. కావున ధర్మము పేరిట పిల్లలను భయపెట్టుట తగదు. భయముచే మానినవాడు మానినట్లు కాదు.

అయితే విభూతిని గూర్చి ఒక్క క్షణము ఆలోచింపవలెను. ఉదయమున నుదుట ధరించిన విభూతి సాయంకాలమునకు చెమటతో చెరిగిపోవును. ఎన్నటికిని చెరగని త్రిపుండ్రమును సూదితో నుదుట పొడిపించుకొనుమని గురువులు విధింపలేదు. మరునాడు స్నానము చేసి తిరిగి ధరింపుమనిరి. చెరుగుట విభూతి యొక్క లోపము కాదు, అదియే దాని గుణము. అది ప్రతి ఉదయము భక్తుని ప్రశ్నించును: నేడును నీవు శివునివాడవేనా? భక్తుడు ప్రతి ఉదయము తన చేతితో సమాధానము చెప్పవలెను.

పచ్చబొట్టు అట్లడుగదు. సూది సిరాను చర్మపు రెండవ పొరలో దించును. అచ్చటి రక్షకకణములు ఆ రంగును మ్రింగి పట్టియుంచును. ఆ కణములు నశించినప్పుడు క్రొత్త కణములు వచ్చి అదే రంగును తిరిగి మ్రింగును. అందుచేతనే అది ఏండ్లతరబడి నిలుచును. మనిషి నిద్రించినను, మరచినను, మారినను దాని పని అది చేయుచునే యుండును. తొలగింపదలచిన లేజరు కిరణములతో పలుమారులు చికిత్స పొందవలెను. నల్లరంగుకంటె నీలి, ఆకుపచ్చ రంగులు తొలగుట మరింత కష్టము.

నులియ చందయ్య కథ ఈ సందర్భమున స్మరింపదగినది. అతడు గడ్డి కోసి త్రాళ్లు పేని అమ్మి, ఆ సంపాదనతో జంగమదాసోహము చేయు కాయకజీవి. ఒకనాడు గడ్డి కోయుచుండగా అతని ఇష్టలింగము జారిపడెను. చందయ్య పని మానక గడ్డి కోయుచునే యుండెనట. పిమ్మట మడివాళ మాచయ్య నచ్చజెప్పగా లింగమును తిరిగి స్వీకరించెనని శరణకథలు చెప్పుచున్నవి. లింగమును తేలికగా చూడుమని ఈ కథ చెప్పుట లేదు. దేహముపై ధరించిన గుర్తు, అది సాక్షాత్తు లింగమే యైనను, చేయవలసిన కాయకమునకు బదులు కాజాలదని చెప్పుచున్నది. లింగమునకే ఈ నియమము వర్తించినప్పుడు పాలపిట్ట బొమ్మకు వర్తింపదా?

ఆ పాలపిట్టనే పరికింపుడు. తీగమీద వాలియున్నంతసేపు అది మట్టిరంగు పక్షివలె కనబడును. మిడుతను చూచి క్రిందికి దుమికినప్పుడు, రెక్క విప్పినప్పుడు, ఆ నీలిమ ఒక్కసారిగా మెరయును. ఆ నీలిమ రంగుపదార్థము కాదు. ఈకలోని అతిసూక్ష్మమైన నిర్మాణముపై వెలుగు పడి చెదరుటచే పుట్టు వర్ణమది. సి.వి. రామన్ పండితుడు 1934లో పక్షుల ఈకల వర్ణములను గూర్చి వ్రాసినప్పుడు పరిశీలించినది ఈ పక్షి ఈకలనే. అట్టి నీలిమను ఏ సిరాబుడ్డిలోనుండి తేగలరు? తెచ్చినను అది ఎగురునా?

విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని తెలుగునాట ఆచారము. ఈ ఆచారమునకు అర్థము పొలిమేర దాటి పొలములోనికి పోయి, తలయెత్తి, ఆకాశమున దానిని చూచుటయే. కాలక్రమమున కొందరు ఆ పక్షిని వలవేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరములో నుంచి వీథులవెంట త్రిప్పి పైకము అడుగుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని నిషేధించినది. అయినను పంజరమునకు నమస్కరించి నాణెము వేయు చేతులు లేకపోలేదు. పండుగ గడచునప్పటికి ఆ పక్షులలో కొన్ని ఎగురలేని స్థితికి వచ్చును, కొన్ని చచ్చును. శుభమును కోరి నీలకంఠమును హింసించుట ఎంతటి వైపరీత్యము! దయలేని చోట ధర్మము లేదన్నది బసవధర్మసారము గదా.

ఆ యువకుడు ఇంటనున్న ఆ దసరానాడు పంజరము వాడు తమ వీథికే వచ్చెను. రెక్కలు ముడిచి, కనులు సగము మూసికొని, మట్టిరంగున ముడుచుకొన్న పిట్టను యువకుడు చూచెను. దుకాణములో గీయించుకొన్న విప్పిన రెక్కల బొమ్మ అతని జేబులోనే యున్నది. ఆనాటి రాత్రి అతడు తండ్రితో, “ఒక్క సంవత్సరము ఆగెదను. వచ్చే దసరాకు కూడ కావలెననిపించినచో పొడిపించుకొందును. అప్పుడు మీరు కాదనరాదు” అని చెప్పెను. తండ్రి సమ్మతించెను.

ఆగుటకు మరియొక కారణమును కలదు. ఆ యువకుడు ఏటేట రెండు మూడు పర్యాయములు రక్తదానము చేయువాడు. పచ్చబొట్టు పొడిపించుకొన్నవారు ఒక సంవత్సరకాలము రక్తమీయరాదని దేశమున నియమము. శుభ్రము చేయని సూదివలన కామెర్ల వ్యాధి, ఎయిడ్సు వంటివి సంక్రమించు ప్రమాదముండుటచే ఈ కట్టుబాటు ఏర్పడినది. తన కొరకు చేసికొను అలంకారము వలన ఇతరులకందవలసిన దాసోహము ఏడాది నిలిచిపోవునన్న సంగతి అతనిని యోచనలో పడవైచెను.

ఆ సంవత్సరమున అతడు మునుపటివలెనే తెల్లవారకముందు లేచెను. చూచిన ప్రతి పక్షిని తేదీతో, స్థలముతో పుస్తకమున వ్రాసెను. నెలకొకసారి ఊరికి వచ్చినప్పుడు బడిపిల్లలను వెంటబెట్టుకొని చెరువుకట్ట మీదికి పోయెను. ఎండాకాలమున పాలపిట్ట చెట్టుతొర్రలో గూడు పెట్టునని, ఎండిన చెట్టునైనను ఊరక నరుకరాదని వారికి తెలిపెను. తిరిగి దసరా వచ్చెను. ఉదయమున ఇరువది మంది పిల్లలును, వారివెంట కొందరు పెద్దలును పొలముగట్టునకు నడచిరి. పంజరము వాడు ఆ ఏడును వచ్చెను, కొందరు అతనికి పైకమును ఇచ్చిరి. ఒక్క ఏటిలో ఊరంతయు మారదు. అయినను గట్టుమీదికి వచ్చినవారికి తీగమీదినుండి దుమికిన పాలపిట్ట కనబడెను.

సాయంకాలము నాయనమ్మ అతని చేయి పట్టుకొని త్రిప్పి చూచెను. “ఏది బిడ్డా, నీ పిట్ట?” అని యడిగెను.

“పొలంల ఉన్నదవ్వా” అని అతడు బదులు చెప్పెను.

అతడు పచ్చబొట్టు వలదని ఎవ్వరికిని మాట ఈయలేదు. దాని అవసరము అతనికి కనబడలేదు, అంతే. మరియొకనికి ఏడాది గడచిన పిదపయు ఆ కోరిక నిలువవచ్చును. అట్టివాడు పొడిపించుకొన్నచో అతనిని వెలివేయుటకు ఎవరికిని అధికారము లేదు. అతడు చేయవలసినది క్రొత్త సూదిని, శుభ్రమైన చోటును, తన కాయకమును నిజాయితీతో చేయు పనివానిని వెదకుకొనుట.

కావున యువకులు తమ్ము తాము మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ వ్యాసంగము కొరకు గడచిన ఏడాది ఎన్ని ఉదయములు లేచితిని? ఈ గుర్తు ఆ ఉదయములకు సాక్షియా, లేక వానికి బదులా? దీనివలన ఇతరులకు చేయు సేవయందు ఏదైన లోటు కలుగునా? పెద్దలు తమ్ము తాము వేసికొనవలసిన ప్రశ్నయు ఒకటి కలదు. పిల్లవాని చేతిమీది బొమ్మను చూచి కోపించు కన్ను, తమ నుదుటి విభూతి కేవలము అలవాటుచే ధరించినదా, భక్తితో ధరించినదా అని ఎన్నడైన చూచుకొన్నదా? నిత్యము నూతనముగా ధరింపని విభూతియు ఒక విధమైన పచ్చబొట్టే యగును.

గుర్తు చెరిగిపోవుటకు భయపడనక్కరలేదు. తిరిగి ధరించు చేయి ఉన్నంతకాలము అది చెరగదు.

శరణు శరణార్థి.