పరిగె దయా, హక్కా?

రెండేళ్ళ కిందట మా విద్యార్థి ఒకడు స్కాలర్‌షిప్పు దరఖాస్తు పట్టుకుని, తండ్రిని వెంటబెట్టుకుని, అమలాపురంలో మా యింటికి వచ్చాడు. వాళ్ళది మాలపేట. తండ్రి కూలి చేస్తాడు, ముప్ఫయి సెంట్లు కౌలుకు దున్నుతాడు, ఆదివారం సహవాసంలో పెద్ద. మతం అన్న గడిలో యేం రాయాలని కుర్రవాడి సందేహం. హిందువని రాస్తే షెడ్యూల్డు కులం. క్రైస్తవుడని రాస్తే యీ రాష్ట్రంలో బి.సి. ‘సి’ గ్రూపు, నూటికి ఒక వంతు రిజర్వేషను. నేను తడుముకోకుండా ‘‘హిందువని రాయి, అందరూ రాసేదే’’ అన్నాను. తండ్రి కోప్పడలేదు. ‘‘తమరు దేవుణ్ణి నమ్మరు కదండి మేష్టారూ, మరి అబద్ధమాడమని యెందుకు చెబుతారండి?’’ అన్నాడు.

నా దగ్గిర జవాబు లేకపోయింది. తరవాత ఆయనతో చాలాసార్లు మాట్లాడాను. ఆయన ఓటు వెయ్యడు. ప్రభుత్వం లోకసంబంధమైనదనీ, కత్తి పట్టి దుర్మార్గుణ్ణి శిక్షించటమే దాని పని అనీ, పౌలు రోమీయులకు రాసిన పత్రిక పదమూడో అధ్యాయంలో దానికి అప్పజెప్పింది అంతేననీ, బీదవాణ్ణి ఆదుకోవలసింది విశ్వాసుల ప్రేమ గాని తాసిల్దారు కాదనీ ఆయన వాదం. సముద్రాల కవతల బాగా డబ్బున్నవాళ్ళు కూడా యించుమించు యిదే మాట అంటున్నారని ఆయనకి తెలియదు. అమెరికాలో స్వేచ్ఛావాదులనేవారిలో ఒక క్రైస్తవ శాఖ వుంది. ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడటంతో ప్రభుత్వం పని సరి; పన్ను పట్టి ఒకరిది మరొకరికి పంచితే అది చట్టం ముసుగులో దోపిడీ అని వారంటారు. దోపిడీ అన్న మాట వారిది కాదు. ఫ్రెంచివాడు బాస్టియా 1850లో ‘చట్టం’ అనే చిన్న పుస్తకం రాసి దాన్ని ప్రచారంలో పెట్టాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ధవళేశ్వరం దగ్గిర ఆనకట్ట లేస్తూ వుంది.

ఆ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టిన ఆర్థర్ కాటన్ నిష్ఠగల క్రైస్తవుడు. 1833 గుంటూరు కరువులో అయిదు లక్షల జనంలో రెండు లక్షలు పోయారని లెక్క. నీళ్ళివ్వటం పాలకుల కర్తవ్యమని కాటన్ జీవితమంతా పోరాడాడు. 1850లలోనే గన్నవరం దగ్గిర వైనతేయ పాయమీద నలభై తొమ్మిది ఖానాల అక్విడక్టు కట్టి కాలవని నగరం లంకలోకి దాటించారు. కాటన్‌ని దేవుణ్ణి చెయ్యనక్కరలేదు; కంపెనీవారు శిస్తు లెక్క వేసుకునే డబ్బు మంజూరు చేశారు. ఐనా యీ గడ్డమీద చావిట్లో కూర్చుని ‘ప్రభుత్వం నా జోలికి రాకూడదు’ అనే ఆసామి, తన చేలో పారేది యెవరు తవ్వించిన కాలవో ఒకసారి చూసుకోవాలి. పేటవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ప్రభుత్వం నీళ్ళు తెచ్చింది గాని, ఆ నీళ్ళు పారే భూమి యివ్వలేదు.

కాటన్ బతికుండగానే 1877లో మద్రాసు రాజధానిలో మళ్ళీ కరువు. ధరలలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదని లిట్టన్ పట్టుబట్టాడు. పనిచేసే కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం చాలునని రిచర్డు టెంపుల్ నిర్ణయించాడు. దేశంనుంచి ధాన్యం యెగుమతి ఆగలేదు. లక్షలమంది చచ్చారు. వాళ్ళూ చర్చికి వెళ్ళేవారే. కాబట్టి ప్రభుత్వం గురించి క్రైస్తవం యేం చెబుతుందని వూరికే అడిగితే లాభం లేదు. యే క్రైస్తవుడు, యెవరి ఆకలి యెదట నిలబడి చెబుతున్నాడని అడగాలి.

ఐతే మా పెద్దాయన సిద్ధాంతం లిట్టన్ దగ్గిరనుంచి వచ్చింది కాదు. 1836లో బౌడెన్, బీర్ అనే యిద్దరు బ్రదరెన్ మిషనరీలు వచ్చి నరసాపురం ప్రాంతంలో స్థిరపడ్డారు. జీతమిచ్చే సంస్థ యేదీ వారి వెనక లేదు. లోకాధికారానికి దూరంగా వుండటం ఆ శాఖవారిలో చాలామందికి నియమం. మన అభ్యుదయవాదులు మిషనరీలందరినీ ఒక్క గాటకట్టి సామ్రాజ్యవాదం తోకలని కొట్టిపారెయ్యటం నాకు నచ్చదు. వూళ్ళో అరుగెక్కనివ్వని మనిషిని పక్కన కూచోబెట్టుకుని, చేతికి పుస్తకమిచ్చి, నువ్వే చదవమన్న చోటు అది. ఆ స్వేచ్ఛ యే ప్రభుత్వమూ జీవో మీద యిచ్చింది కాదు. మొదటి సమూయేలు యెనిమిదో అధ్యాయంలో, రాజు కావాలన్న జనానికి ఆ ముసలి ప్రవక్త చేసే హెచ్చరిక — మీ కొడుకుల్ని తీసుకుంటాడు, మీ పంటలో పదోవంతు తీసుకుంటాడు అన్నది — చదివితే నాకు జమీందారీ గ్రామమే కనిపిస్తుంది. రాజ్యాన్ని శంకించటం బీదవాడికి అనుభవం నేర్పిన పాఠం. దాన్ని మనం వెనకబాటుతనమని నవ్వేశాం.

మా యిద్దరి తగువంతా చివరికి పరిగె దగ్గిరికి వచ్చింది. ఆయన భార్య కోతలయ్యాక చేలో పరిగె యేరుకుంటుంది. కోతయంత్రాలొచ్చాక అదీ తగ్గింది. లేవీయకాండంలో పొలం మూలలు కొయ్యవద్దనీ, పరిగె బీదలకీ పరదేశులకీ విడవమనీ వుంది. యిది దయ కాదు, చట్టం కదా అన్నాను. ‘‘మోషే యే పోలీసును పెట్టాడండి? విడవనోడికి జుల్మానా యెంతో రాశాడాండి?’’ అన్నాడు. మంచి దెబ్బే. నిజంగానే శిక్ష లేదు. కాని ఆ శాసనం ఆసామిని నీకిష్టమేనా అని అడగలేదు. ఆ మూల నీది కాదని చెప్పింది. రూతుకి బోయజు దొరికాడు. బోయజు కానివాడి పొలంలో పడ్డ రూతు గతి యేమిటి? ఆయన దీనికి జవాబు చెప్పలేదు, దేవుడు చూస్తాడన్నాడు.

సరే, మరి ఆయన ఒప్పుకున్న ఆ కత్తి పనయినా ప్రభుత్వం చేస్తోందా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులనీ, 1990లో బౌద్ధులనీ చేర్చారు. క్రైస్తవులనీ ముస్లిములనీ చేర్చలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ ఆంక్ష తీసెయ్యమన్నా ఫలితం లేదు. తనని కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారినవాడికి 1989 అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. మారుమనస్సు పొందింది దెబ్బలు తిన్నవాడు, కొట్టినవాడు కాదు. బాప్తిస్మంతో పేట వూళ్ళోకి జరగలేదు. కాపాడే ముందు నీ దేవుడెవరని అడిగే ప్రభుత్వాన్ని స్వేచ్ఛావాది మితిమీరిన ప్రభుత్వమంటాడు. నేనూ అంటాను. అతను దాన్ని యింటికి పంపించమంటాడు. నేను ఆ ప్రశ్న మానేసి పని చెయ్యమంటాను.

ఆ మొదటి ప్రశ్న నన్నింకా వదల్లేదు. నిజం చెప్పటం కడుపు నిండినవాళ్ళ విలాసమనీ, పేటవాడికి అబద్ధమైనా చాలుననీ నేను మనసులో యెక్కడో నమ్మబట్టే ఆ సలహా యిచ్చాను. చట్టాన్ని మార్చమని అడగవలసినవాణ్ణి, మనిషిని మార్చమన్నాను. కుర్రవాడు క్రైస్తవుడనే రాశాడు.

మొన్న దాళవా రోజుల్లో శివారు చేలకి నీరందక రైతులు యిరిగేషన్ ఆఫీసుకి వెళితే వాళ్ళలో పెద్దాయన కనిపించాడు. ‘‘యిది లోకసంబంధం కాదా?’’ అన్నాను. ‘‘ఆయ్, నీళ్ళు దేవుడియ్యేనండి. తూము మటుకు గవర్నమెంటుదండి’’ అన్నాడు. అర్జీ కింద మూడో సంతకం ఆయనదే.