తలుపు చాటు బిడ్డ



మా మైలవరం వైపు పల్లెల్లో ఇళ్ళు దర్శించడానికి వెళ్ళినప్పుడు నాకు తరచుగా ఒకటే దృశ్యం ఎదురవుతుంది. నేను మంచం మీద కూర్చుంటాను. ఇల్లాలు మంచినీళ్ళు తెచ్చి ఇస్తుంది. ఇంటాయన మిరపచేను సంగతో, మామిడి పూత సంగతో మొదలుపెడతాడు. ఇంతలో తలుపు చాటున ఒక కన్ను కనబడుతుంది. తల్లి చూసి, "ఇటు రారా, ఫాదరుగారికి వందనం చెప్పు" అంటుంది. కన్ను మాయమవుతుంది. తండ్రి లేచి వెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొస్తాడు. "వీడికి మహా సిగ్గండీ. ఆడపిల్లకన్నా అన్యాయం. రేపు ఎట్లా బతుకుతాడో ఏమో!" అంటాడు.

ఆడపిల్లను మధ్యలోకి ఎందుకు తెస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అది అట్లా ఉంచండి. వాడు అక్కడే నిలబడి కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తూ ఆ మాట వింటున్నాడని మీకు తోచదు. ఏళ్ళ తరబడి వింటాడు. విని విని నమ్ముతాడు.

నేను కూడా తలుపు చాటు బిడ్డనే. ఇంటికి చుట్టాలు వస్తే గడ్డివామి వెనక్కి పోయి, వాళ్ళు వెళ్ళేదాకా అక్కడే కూర్చునేవాణ్ణి. బడిలో మాస్టారు ప్రశ్న అడిగితే జవాబు తెలిసేది, గొంతు మాత్రం తడారిపోయేది. మా ఊరి ఉపదేశిగారు నా వాలకం కనిపెట్టి, నన్ను ఏమీ అనకుండా, గుడి గంట తాడు నా చేతికి ఇచ్చారు. గంట కొట్టేవాడికి మాట్లాడే పని లేదు, ఎవరి ఎదుటా నిలబడే పని లేదు. ఒకసారి జ్వరం వచ్చి వారం రోజులు వెళ్ళలేదు. తరువాత దారిలో ఒక ముసలాయన నన్ను ఆపి, "నువ్వు గంట కొట్టకపోతే నాకు పొద్దు ఎక్కిందో లేదో తెలియలేదురా అబ్బాయ్" అన్నాడు. ఆయనకు చూపు లేదు. నా వల్ల ఒకరికి తెల్లవారుతున్నదని ఆ రోజే నాకు మొదటిసారి తెలిసింది. గురుత్వానికి నాకు పిలుపు ఎప్పుడు వచ్చిందని ఎవరైనా అడిగితే, నేను చెప్పేది ఆ ముసలాయన మాటే.

తరువాత గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు సార్త్రు అనే ఫ్రెంచి తత్త్వవేత్త రాతలు నా కంటబడ్డాయి. ఆయన దేవుణ్ణి నమ్మనివాడు. అయినా సిగ్గును గురించి ఆయన రాసినంత సూక్ష్మంగా రాసినవాళ్ళు తక్కువ. 1943లో అచ్చయిన ఆయన పెద్ద గ్రంథంలో ఒక మనిషి తాళపు సందులోంచి గదిలోకి తొంగి చూస్తుంటాడు. వెనుక అడుగుల చప్పుడు వినబడుతుంది. అంతవరకు చూసేవాడుగా ఉన్నవాడు ఒక్క క్షణంలో చూడబడేవాడు అయిపోతాడు. సిగ్గు అంటే అదేనని ఆయన అభిప్రాయం. ఎదుటివారి చూపు కింద మనిషి ఒక వస్తువైపోవడం. అది చదివినప్పుడు గడ్డివామి వెనుక కూర్చున్న నన్ను ఈయన ఎక్కడ చూశాడా అనిపించింది.

అయితే సార్త్రుకు తెలిసిన చూపు అదొక్కటే. సువిశేషంలో ఇంకొక చూపు ఉన్నది. జక్కయ్యను జ్ఞాపకం చేసుకోండి (లూకా 19). పొట్టివాడు, ఊరంతా అసహ్యించుకునే సుంకరి. ప్రభువును చూద్దామని మేడి చెట్టు ఎక్కాడు. ప్రభువు ఆ చెట్టు కిందనే ఆగి, తలెత్తి చూసి, పేరు పెట్టి పిలిచాడు. జనం ముందు నిలబడి సాక్ష్యం చెప్పమనలేదు. నీ ఇంట్లో నాకు బస కావాలన్నాడు. చూడండి, సిగ్గుపడే మనిషిని ప్రభువు మొదట అడిగింది మాట కాదు, ఆతిథ్యం. జక్కయ్యకు మాట ఆ తరువాత దానంతట అదే వచ్చింది.

చిన్న తెరేజమ్మ పటం మన గుళ్ళలో చాలా చోట్ల ఉంటుంది. చేతిలో సిలువ, గులాబీలు. ఆ పటం చూసి ఈమె పుట్టుకతోనే నెమ్మదస్తురాలు, పువ్వులాంటి మనిషి అనుకుంటాము. ఆమె బాల్యం అట్లా లేదు. 1873లో పుట్టింది. నాలుగేళ్ళ వయసులో, 1877లో తల్లి పోయింది. అంతవరకు గలగల మాట్లాడే పిల్ల ఒక్కసారిగా ముడుచుకుపోయింది. కొత్తవాళ్ళ ఎదుట నోరు పెగిలేది కాదు. ప్రతి దానికీ కన్నీళ్ళు. ఏడ్చినందుకు మళ్ళీ ఏడుపు. లిసియూ పట్టణంలో మఠకన్యల బడికి పంపితే, తనకన్నా పెద్దదైన ఒక పిల్ల ఓర్వలేక ఏడిపించేది. ఈమె ఎవరికీ చెప్పుకోలేదు. ఆ బడిలో గడిపిన అయిదేళ్ళు తన జీవితంలోకెల్లా దుఃఖకరమైనవని తరువాత ఆమే రాసుకున్నది.

1886 క్రిస్మసు రాత్రి పూజ ముగించుకుని ఇంటికి వచ్చారు. ఆ దేశంలో పిల్లలకు కానుకలు బూట్లలో పెట్టే ఆచారం. అలసి ఉన్న తండ్రి, ఈ చిన్నపిల్లల వేడుక ఈ ఏటితో సరి అని విసుక్కున్నాడు. మెట్లెక్కుతున్న తెరేజమ్మకు అది వినబడింది. (ఆ తండ్రి లూయీ మార్టినును 2015లో తిరుసభ పునీతుడుగా ప్రకటించింది. పునీతులైన తండ్రులు కూడా అలిసిపోతే విసుక్కుంటారు. తల్లిదండ్రులారా, మీరు మరీ కుంగిపోనక్కరలేదు.) మామూలుగా అయితే ఆ రాత్రంతా ఏడుపే. కానీ ఆమె కళ్ళు తుడుచుకుని కిందికి దిగి వచ్చి, నవ్వుతూ కానుకలు విప్పింది. తన మనసు నొచ్చిన సంగతి మరచి, తండ్రి సంతోషాన్ని చూసింది. అంతే జరిగింది. దాన్నే ఆమె తన పరివర్తనగా చెప్పుకున్నది.

నాకు దానికన్నా గొప్పగా తోచేది తరువాతి ఏడు జరిగిన సంగతి. ప్రాంజీని అనేవాడు పారిసులో ముగ్గురిని చంపి మరణశిక్షకు గురయ్యాడు. పశ్చాత్తాపం లేనివాడని పత్రికలు రాశాయి. పద్నాలుగేళ్ళ ఈ పిల్ల, కొత్తవారి ముఖం చూడడానికే భయపడిన పిల్ల, లోకమంతా ఛీ కొట్టిన ఆ మనిషి కోసం ప్రార్థన మొదలుపెట్టింది. 1887 ఆగస్టు 31న శిరచ్ఛేదనకు ముందు అతడు సిలువను ముద్దు పెట్టుకున్నాడని పత్రికలో చదివి, అతడు తన మొదటి బిడ్డ అన్నది. అదే ఏడాది నవంబరులో రోము నగరంలో పదమూడవ సింహరాయ జగద్గురువుల ఎదుట, ఎవరూ మాట్లాడరాదని ఆజ్ఞ ఉన్నా, మఠంలో చేరడానికి అనుమతి ఇవ్వమని నోరు తెరిచి అడిగింది. కాపలావాళ్ళు లేవదీసి పంపవలసి వచ్చింది. పదిహేనేళ్ళకు కార్మెలు మఠంలో చేరి, ఇరవై నాలుగేళ్ళకు అక్కడే కన్నుమూసింది. మఠం గడప దాటని ఆమెను 1927లో వేద ప్రచారానికి పాలక పునీతగా, 1997లో తిరుసభ పండితురాలుగా ప్రకటించారు. సిగ్గు పోయాక ఆమెకు ప్రేషితత్వం దొరకలేదు. చూడవలసిన మనిషి ఒకడు దొరికాక, తన్ను ఎవరు ఎట్లా చూస్తున్నారో పట్టించుకునే తీరిక ఆమెకు లేకపోయింది.

ఇదంతా తెలిసిన నేనే ఒక తప్పు చేశాను. అది మీకు చెప్పాలనే ఈ వారం కలం పట్టాను.

2004లో నేను మెట్ట ప్రాంతంలోనే ఒక విచారణలో ఉన్నాను. ఒక ఆదివారం పూజ తరువాత, సత్యోపదేశం పిల్లల్లో పన్నెండేళ్ళ కుర్రవాణ్ణి పిలిచి, విశ్వాస సంగ్రహము చెప్పమని మైకు ముందు నిలబెట్టాను. వాడికి కంఠతా వచ్చునని నాకు తెలుసు. నాలుగు మాటలు వచ్చాయి, ఆగిపోయాయి. గుడి నిశ్శబ్దమైంది. ఆ ఇబ్బంది పోగొడదామని, "మైకు ఏమన్నా కరుస్తుందా?" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గడ్డివామి వెనుక దాక్కున్నవాణ్ణి, నేనే నవ్వాను.

నాలుగు నెలలు ఆ పిల్లవాడు గుడికి రాలేదు. "రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడు ఫాదరుగారూ" అని తల్లి చెప్పినప్పుడు కానీ నాకు బుద్ధి రాలేదు. వాళ్ళింటికి వెళ్ళి, వాకిట్లో వాడి పక్కన కూర్చుని, "తప్పు నాదిరా" అన్నాను. వాడు పలకలేదు. కాసేపు ఆగి, "రేపు తొలి శుక్రవారం. మంచం పట్టినవాళ్ళకు దివ్య సత్ప్రసాదం తీసుకెళ్ళాలి. నా ముందు కొవ్వొత్తి పట్టుకునేవాళ్ళు లేరు" అని చెప్పి లేచి వచ్చాను. తెల్లవారి వచ్చాడు.

ఆ ఇళ్ళలో ఒకటి ఒంటరి మామ్మది. చెవులు బొత్తిగా వినబడవు. నోరు మాత్రం ఆగదు. ఈ పిల్లవాడు మాట్లాడడు, ఆమె వినదు. ఇద్దరికీ బాగా కుదిరింది. బడి అయ్యాక వెళ్ళి బోరింగు దగ్గర రెండు బిందెలు కొట్టి పోసేవాడు. దీపం పెట్టేవాడు. కొన్నాళ్ళకు ఆ మామ్మ నాతో, "ఆ పిల్లాడు మహా మాటకారి సామీ, ఎన్ని కబుర్లు చెబుతాడో!" అన్నది. నేను తెల్లబోయాను. ఏం కబుర్లు చెప్పాడో ఆమెకు వినబడలేదు. నేను అడగలేదు.

రెండేళ్ళకు ఆమె ప్రభువునందు నిద్రించింది. సమాధి దగ్గర మొదటి పిడికెడు మన్ను వేయడానికి అయినవాళ్ళు ఎవరని అడిగారు. ఊళ్ళో ఆమెకు ఎవరూ లేరు. "నేను" అన్నాడు వాడు. అంతమంది ఎదుట వాడి నోట నేను విన్న మొదటి మాట అది.

పెద్దలారా, మీ ఇంటి తలుపు చాటు బిడ్డను మైకు ముందుకు నెట్టకండి, సెల్‌ఫోను చేతికిచ్చి మూలకు వదిలేయకండి. చేతనైన పని ఒకటి, కనిపెట్టుకుని ఉండవలసిన మనిషి ఒకరు, ఈ రెండూ వెతికి ఇవ్వండి. మీరు ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కుతారు కదా. అక్కడ మనం పూజించుకునే లూర్దు మాత 1858లో దర్శనమిచ్చింది చదవడం కూడా రాని బెర్నదెత్తు అనే పేదపిల్లకు. ఆ తల్లి తనను 'నువ్వు' అనకుండా 'మీరు' అని మన్నించి మాట్లాడిందని ఆ పిల్ల ఎన్నటికీ మరువలేదు. పిల్లలతో మనం ఎట్లా మాట్లాడుతున్నామో ఆలోచించుకోవాలి. ఒక్క హెచ్చరిక. మొదటినుంచీ సిగ్గరి అయిన బిడ్డ వేరు, నిన్నటిదాకా ఆడిపాడి ఈ రోజు మూగబోయిన బిడ్డ వేరు. అటువంటి బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, ఎవరైనా ఏమైనా చేశారా అని మెల్లగా అడగండి. చెప్పింది నమ్మండి. చేసినవాడు ఎంత పెద్దవాడైనా సరే.

ఆ కుర్రవాడు ఇప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాడు. ఎక్కువగా రాత్రి డ్యూటీలే అడిగి వేయించుకుంటాడట. గుడికి వస్తే ఇప్పటికీ చివరి స్తంభం దగ్గరే నిలబడతాడు. పోయిన పండుగకు నన్ను చూడడానికి కుటుంబంతో వచ్చాడు. నాలుగేళ్ళ కూతురు తండ్రి కాళ్ళ వెనుక దాక్కున్నది. "ఫాదరుగారికి వందనం చెప్పమ్మా" అని తల్లి ముందుకు తోయబోయింది.

"ఉండనీయ్" అన్నాడు వాడు.