దోసిలి కొలత

కడపలో మా నానీ నమాజుకు ముందు వజూ చేసుకునే చోట ఒక గోరింట చెట్టు ఉండేది. రాగి బద్నా వంచి, సన్నటి ధారతో చేతులు, ముఖం, మోచేతులు కడుక్కుని, తడి అరచేతులతో తల తుడుచుకుని, చివరకు పాదాలు కడుక్కునేది. ఆ నీళ్లన్నీ గోరింట మొదట్లోకే పోయేవి. మే నెలలో వీధిలోని చెట్లన్నీ వాడిపోయినా అది మాత్రం పచ్చగానే ఉండేది. నానీ చదువుకోలేదు.

చదువు మాకు మదరసాలో దొరికింది. వజూలో తప్పనిసరి ఫర్జులు నాలుగు, ప్రవక్త ఆచరించిన సున్నతులు ఇన్ని, తగని మక్రూహ్‌లు ఇవి. మక్రూహ్‌ల వరసలో ఇస్రాఫ్ కూడా ఉండేది, అంటే దుబారా. తడుముకోకుండా అప్పజెప్పి, లేచి వెళ్లి, కొళాయి బార్లా తిప్పి వజూకు కూర్చునేవాళ్లం. మాటకూ చేతికీ మధ్య ఎక్కడో తెగిందని మాకు తోచనే లేదు.

ఈ మధ్య చేతుల కింద బకెట్ పెట్టుకుని వజూ చేశాను. బకెట్ సగం నిండింది. సిగ్గేసింది. ప్రవక్త ఒక ముద్ద్ నీళ్లతో వజూ ముగించేవారని హదీసులు చెబుతాయి. ముద్ద్ అంటే మధ్యరకం మనిషి రెండు చేతులూ కలిపితే పట్టేంత, మన దోసిలి. ఎంత ఎక్కువ లెక్క వేసినా లీటరు చుట్టూనే తేలుతుంది. సహచరుడు సఅద్ వజూలో నీళ్లు ఎక్కువగా వాడుతుంటే, పారే నది ఒడ్డున ఉన్నా దుబారా దుబారాయేనని ప్రవక్త వారించినట్టు ఇబ్న్ మాజా సంకలనంలో ఉంది. ఆ ఉల్లేఖన బలం మీద పండితుల్లో చర్చ ఉంది కానీ, నన్ను పట్టి నిలిపింది అందులోని నది. ఎడారి మనుషులకు చెప్పే మాటలో నది ఎందుకు? నీళ్లు తక్కువ కాబట్టి పొదుపు చేయమంటే, వానలు పడగానే ఆ మాట చెల్లకుండా పోతుంది. నా దోసెడు నీళ్లతో నది తరగదు. లెక్క లేకుండా తీసుకోవడం చేతికి అలవాటవుతుంది, అంతే. ఆ చేయే రేపు బోరు వేస్తుంది, చెరువు పూడుస్తుంది.

పాత ధర్మశాస్త్రానికి, అంటే ఫిఖ్‌కు, కొత్త ప్రశ్నలు అందవని అనేవాళ్లకు నేను 1978 నాటి సంగతి చెబుతుంటాను. మురుగునీటిని శుద్ధి చేస్తే దానితో వజూ చేయవచ్చా అన్న ప్రశ్న సౌదీ అరేబియా పెద్ద పండితుల మండలి ముందుకు వచ్చింది. రంగు, రుచి, వాసన – ఈ మూడింట్లో మలినం ఆనవాలు లేకుండా పోతే నీరు శుద్ధమేనన్నది ఫిఖ్‌లో ఎప్పటి నుంచో ఉన్న సూత్రం. మండలి నిపుణులను సంప్రదించి, ఆ కొలతతోనే చూసి, పూర్తిగా శుద్ధయిన నీరు పనికొస్తుందని ఫత్వా ఇచ్చింది. సూత్రం మారలేదు, ఎదురుగా ఉన్న నీళ్లు మారాయి. మా మదరసాలో ఈ ఒక్క ఫత్వాను ఒక వారం పాటు పాఠంగా చెప్పి, పిల్లలను శుద్ధి కేంద్రానికి తీసుకువెళ్లి ఉంటే, ఫిఖ్ మాకు బట్టీగా మిగిలేది కాదు. నా మనసులో ఈ కోరిక ఇప్పటికీ ఉంది.

తెగిన మాటా చేయీ మళ్లీ కలిసిన చోటు కూడా ఒకటి ఉంది. జాంజిబార్ ద్వీపాల్లోని మిసాలి దీవి దగ్గర జాలర్లు డైనమైట్‌తో చేపలు పట్టేవారు. పగడపు దిబ్బలు పగిలిపోతున్నా ప్రభుత్వ నిషేధాలను లెక్కచేయలేదు. సముద్రం మన చేతిలో ఉన్న అమానత్ అనీ, ఒకరు దాచమని ఇచ్చిన సొమ్ము లాంటిదనీ ఖురాన్ ఆధారంగా చెప్పాక చాలామంది ఆ పని మానుకున్నారు. వాళ్లకు తెలియని భాష కాదది. రోజూ వినే భాషే, ఈసారి పడవ దాకా వచ్చింది.

పోయిన వేసవిలో అమ్మీకి కంటి ఆపరేషన్ అయింది. ముఖానికి నీళ్లు తగలకూడదన్నారు. "తయమ్ముమ్ చేసుకుంటా, కాస్త మంచి మట్టి తేరా బేటా" అంది. నీళ్లు దొరకనప్పుడు, తగలకూడనప్పుడు శుభ్రమైన మట్టిని తాకి ముఖమూ చేతులూ తుడుచుకోమంటుంది ధర్మం. ఏది కరవైనా కాళ్ల కింద నేల మాత్రం శుభ్రంగా ఉంటుందని ఎంత నమ్మకం! పళ్లెం పట్టుకుని బయల్దేరాను. వాకిలంతా సిమెంటు. గోరింట చెట్టు ఉన్నచోట బండలు. దాటితే మురుగు కాలువ, ఆ పక్క ఖాళీ స్థలం నిండా పాలిథిన్ కవర్లు, పగిలిన సీసాలు, పిల్లలకు కట్టి పారేసిన డైపర్లు. అరగంట తిరిగాక ఊరి చివర ఎవరో ఇంటికి పునాది తవ్వుతూ కనబడ్డారు. నిలువెత్తు లోతులోంచి తీసిన ఎర్రమట్టి అడిగి తెచ్చుకున్నాను.

అమ్మీ పళ్లెం దగ్గరికి వంగి, ముందు వాసన చూసింది. తర్వాత రెండు అరచేతులూ ఆనించింది.