తుఫాను హెచ్చరిక - తవక్కుల్



అక్టోబరు వచ్చిందంటే విడవలూరు తీరంలో అందరి చూపూ ఆకాశం మీదే ఉంటుంది. ఊళ్ళు ఖాళీ చేయమని అధికారులు చెప్పినప్పుడు మన ఇళ్ళలో ఒక మాట వినిపిస్తుంది. రాసిపెట్టింది జరగక మానదు, ఇల్లు వదిలి పోతే మాత్రం చావు తప్పుతుందా అని. వినడానికి ఇది ఈమాన్ (విశ్వాసం) నిండిన మాటలాగే ఉంటుంది. నిజంగా అంతేనా?

గాలీ, మబ్బూ అల్లాహ్ ఆజ్ఞకు లోబడినవే. అయితే ఆయన ప్రతిదానికీ ఒక క్రమాన్ని నియమించాడు. సముద్రపు పైనీరు 26, 27 డిగ్రీలకు మించి వేడెక్కితే ఆవిరి విపరీతంగా పైకి లేస్తుంది. పైన చల్లబడి నీటి బిందువులుగా మారేటప్పుడు తనలోని వేడిని వదులుతుంది. దాంతో గాలి ఇంకా పైకి పోతుంది. కింద పీడనం తగ్గి, చుట్టూ ఉన్న గాలి అక్కడికి పరుగెత్తుతుంది. భూమి తిరుగుతున్నందువల్ల అది సుడి తిరుగుతుంది. అదే వాయుగుండం, బలపడితే తుఫాను.

మన వైపు ఈ సుడి గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. కాబట్టి తుఫాను మనకు దక్షిణాన తీరం దాటినప్పుడు గాలి సముద్రాన్ని మన మీదికే నెడుతుంది. అది శ్రీహరికోట వైపు పోతోందిలే అని నిశ్చింతగా ఉండరాదు. తుఫాను కన్ను మన మీదుగా పోతే కాసేపు గాలి ఆగుతుంది. అప్పుడు బయటికి రాకూడదు. ఎదురుదిశ నుంచి గాలి మళ్ళీ విరుచుకుపడుతుంది.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను ఎక్కడో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టింది. అంత దూరపు ఆపదను ముందే పసిగట్టే తెలివిని మానవునికి ఇచ్చింది అల్లాహ్‌యే కదా!

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు దాదాపు 10 వేల మంది చనిపోయారు. 1990 మే నెలలో మరో భీకర తుఫాను అదే కృష్ణా తీరాన్ని తాకింది. లక్షలాది మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపే. తఖ్దీర్ (విధివ్రాత) మారిపోయిందా? లేదు. హెచ్చరిక విని కదలడం కూడా తఖ్దీర్‌లోనిదే.

ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) నేర్పారు. సిరియా దారిలో ప్లేగు వార్త విని హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని అడిగితే, ఒక దైవనిర్ణయం నుంచి మరో దైవనిర్ణయం వైపుకే వెళుతున్నామని బదులిచ్చారు. నీట మునిగి మరణించిన విశ్వాసికి షహీద్ హోదా ఉందని ప్రవక్త (సఅసం) చెప్పిన మాట బాధితులకు ఓదార్పు. మొండికేసేవారికి సాకు కాదు.

కాబట్టి సోదరులారా! మస్జిద్ మైకులో తుఫాను హెచ్చరికను కూడా ప్రకటిద్దాం. పరదా గురించి సంకోచించే స్త్రీల కోసం ఆశ్రయ కేంద్రంలో వేరే గది ముందే ఏర్పాటు చేయిద్దాం. వృద్ధులను, రోగులను మొదట చేర్చుదాం. పక్కా కట్టడమైన మస్జిద్ ఉంటే దాని తలుపులు మతం అడగకుండా తెరుద్దాం. పొరుగువాడు నీళ్ళలో ఉంటే మన దుఆకు అర్థమేముంది?

అల్లాహ్ మన తీరవాసులందరినీ కాపాడుగాక! హెచ్చరికను విని కదిలే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.