ప్రేమలేఖ రాయడం తప్పా?

‘ప్రేమలేఖ’ అనే మాట వినగానే పెద్దలు మొహం చిట్లిస్తారు, పిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు. చదువుకొనే వయసులో ఇదేమి వ్యాసమని ఎవరైనా అడగవచ్చు. రాయడం నేర్చుకొనేది బడిలోనే కాబట్టి ఈ ప్రశ్న కూడా బడిలోనే అడగాలని నా అభిప్రాయం. మనసులోని ప్రేమను రాసి చెప్పడం మంచిదా, చెడ్డదా?

ముందు మన ఇళ్లలోనే చూద్దాం. ఆడపిల్లకు పెళ్లి ఆలస్యమైతే ‘రుక్మిణీ కల్యాణం’ చదవమంటారు. పోతన భాగవతం దశమ స్కంధంలోని ఆ కథలో ఏముంది? అన్న రుక్మి తనను శిశుపాలునికి ఇవ్వాలని పట్టుబట్టినప్పుడు, రుక్మిణి తన మనసును అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుని ద్వారా ద్వారకకు తెలియజేసింది. నిన్నే కోరుకున్నానని చెప్పి ఊరుకోలేదు, ఎక్కడికి వచ్చి తనను తీసుకుపోవాలో కూడా వివరంగా చెప్పి పంపింది. అది ప్రేమ సందేశం కాక మరేమిటి? దాన్ని భక్తితో పారాయణం చేయిస్తాం. అదే మన పిల్ల కాగితం మీద నాలుగు ముక్కలు రాస్తే బడి మాన్పిస్తామంటాం. ఇది న్యాయమేనా?

రెండో ఉదాహరణ గురజాడ అప్పారావు గారు 1910లో రాసిన ‘దిద్దుబాటు’ కథ. గోపాలరావు సానిపాటలకు మరిగి రాత్రి పొద్దుపోయి ఇంటికి వస్తాడు. భార్య కమలిని కనబడదు, ఆమె రాసిన ఉత్తరం కనబడుతుంది. అది ‘ప్రియ’ అని కాక ‘అయ్యా’ అని మొదలవుతుంది. ఆ ఒక్క పిలుపు మారేసరికే ఆయన గుండె జారిపోతుంది. నా దృష్టిలో అది కూడా ప్రేమలేఖే. ఆమె గొడవ పడలేదు, బాధను కాగితం మీద పెట్టి ఆయనను ఆలోచించుకోనిచ్చింది. ఆయన తప్పు తెలుసుకొనేసరికి ఆమె మంచం కిందే ఉంది! కమలినికి చదువు రాకపోతే ఆ దిద్దుబాటు జరిగేదా?

ఇక మా ఊరి సంగతి. ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న నాగలమడికలో వానలు తక్కువ. చెనిక్కాయ పంట పోయిన ఏడు మగవాళ్లు కూలికి బెంగళూరు పోయేవాళ్లు. మా తాత కూడా అట్లే పోయినాడంట. అవ్వకు చదువు రాదు. ఇంకొకరిని బతిమాలి జాబు రాయించేది. “పక్కింటోళ్ల పిల్లోని చేత ఏమి రాయిస్తామురా? అందరూ క్షేమం, వాన రాలేదు, ఎనుము ఈనింది. అంతే. అసలు మాట నోట్లోనే నిలిచిపోయేది” అంటుంది అవ్వ. ఆమె మనసులో ప్రేమ లేక కాదు. దాన్ని దాచుకొని పంపే దారి లేదు.

మా తాలూకాకు చుట్టూ చాలా వరకు ఆంధ్రా సరిహద్దే. బస్సు బోర్డు కన్నడలో ఉంటుంది, ఇంట్లో మాట తెలుగులో ఉంటుంది. రెండూ మనవే. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఉండాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. అయినా “తెలుగు మీడియం దేనికి పనికొస్తుంది?” అని అడిగేవాళ్లు ఉన్నారు. ఉద్యోగం దరఖాస్తు ఏ భాషలోనైనా రాయొచ్చు. అమ్మకు జాబు రాయాలంటే మాత్రం అమ్మ మాట్లాడే మాటల్లోనే రాయాల. అవ్వ నోట్లో నిలిచిపోయిన మాట మా చేతికి రావడానికే ఈ చదువు అని నేననుకుంటాను.

ఫోను ఉండగా జాబు ఎందుకు అనవచ్చు. ఫోనులో మాట మనం ఆలోచించే లోపలే పోతుంది. ఎవరో చేసిన గులాబీ బొమ్మను ఇంకొకరికి తోసేస్తాం. జాబు అట్లా కాదు. రాస్తాం, కొట్టేస్తాం, మళ్లీ రాస్తాం. ‘ఇది నిజంగా నా మనసులో ఉందా?’ అని ప్రతి వాక్యం దగ్గరా అడుగుకోవలసి వస్తుంది. కింద పేరు రాశాక ఆ మాటకు మనమే బాధ్యులం.

జాబు వేసినవాడు జవాబు కోసం కాచుకోవాల. జవాబు రాకపోవచ్చు, ‘వద్దు’ అనీ రావచ్చు. కాదన్నందుకు ఆడపిల్లల మీద దాడి చేసినవాళ్ల వార్తలు పేపర్లో చదువుతున్నాం. అట్లాంటివాడు ఎన్ని పేజీలు రాసినా అది బెదిరింపు ఉత్తరమే. ఎదుటివాళ్లకు కాదనే హక్కు ఇచ్చినప్పుడే అది ప్రేమలేఖ. అందుకున్నవాళ్లకూ ఒక ధర్మం ఉంది. ఇష్టం లేకపోతే మర్యాదగా చెప్పవచ్చు. భయం వేస్తే అమ్మకో టీచరుకో చూపించాల. అంతేగాని ఫొటో తీసి స్నేహితులందరికీ పంపి నవ్వుకోవడం ఒక మనిషిని బజారులో నిలబెట్టడమే.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. పిల్లల పుస్తకంలో జాబు కనబడితే చెయ్యి ఎత్తే ముందు పక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడండి. స్నేహితులకు కూడా ఒక మాట. మొదటి ప్రేమలేఖ ఇంట్లోవాళ్లకే రాసి చూడండి. పనికి దూరం పోయిన నాయనకు రాయండి. పోస్టుకార్డు అయితే దారిలో అందరూ చదువుతారు, అంటించిన ఇన్‌ల్యాండు కాగితం మేలు. ‘అందరూ క్షేమం’ అని రాసినాక కాగితంలో ఇంకా చాలా చోటు మిగులుతుంది.